మొగులు చూసుకుంటూ

2025 మే 20, మంగళవారం. మేడ్చల్

పిల్లలు వచ్చారు. మధ్యాహ్నం పన్నెండింటికి శామీర్‌పేటలో సిద్దిపేట బస్సు ఆగింది. చిన్నోడు మెట్టు దిగుతూనే సంచీ నా చేతిలో పెట్టి, "అత్తమ్మా, నీళ్ళ పార్కుకు రేపు పోతమా, ఎల్లుండా?" అన్నాడు. తిన్నావా అని అడిగే సందు కూడా ఇవ్వలేదు. వాళ్ళక్క వాడి నెత్తిన మొట్టి, "ముందుగాల ఇంటికి పోనియ్యిరా" అంది గానీ, దాని చెవులు కూడా నా జవాబు మీదే ఉన్నాయి.

మరదలు అప్పుడే రోడ్డు దాటి అవతల నిలబడింది, తిరుగు బస్సు కోసం. ఒక్క పూటన్నా ఉండిపొమ్మన్నాను. "వడ్లు సెంటర్ల పోసి పదకొండు దినాలాయె వదినా. ఇంకా కాంటా కాలే. మొగులు సూడు" అని చెయ్యెత్తి పడమర చూపించింది. అక్కడ పెద్దగా ఏమీ లేదు, దూదిలాంటి నాలుగు తెల్ల మబ్బులు. అయినా ఆమె చూపు అక్కడినుంచి కదల్లేదు. పది నిమిషాల్లో బస్సు వచ్చింది. ఆడవాళ్ళకు జీరో టికెట్ కాబట్టి తనకు రానూపోనూ చార్జీ లేదు, వచ్చి పిల్లల్ని దింపి పోగలిగింది.

ఈ పిల్లలకు నేను ఏడాదిగా బాకీ. పోయినేడు కూడా ఇలాగే వచ్చారు. ఆదివారం రద్దీ ఎక్కువని సోమవారానికి పెట్టుకున్నాం. ఆ ఆదివారం, 2024 మే 26, సాయంత్రం గాలిదుమారం లేచింది. ఎదురింటి రేకులు మా వాకిట్లో వచ్చి పడ్డాయి. రాత్రంతా కరెంటు లేదు. ఆ ఒక్క సాయంత్రం గాలివానకు రాష్ట్రంలో పదిమందికి పైగా పోయారు. నాగర్‌కర్నూల్ జిల్లాలో కడుతున్న కోళ్ళ షెడ్డు గోడ కూలి ఒకే చోట నలుగురు. తెల్లవారి తమ్ముడు ఉన్నపళంగా వచ్చి పిల్లల్ని తీసుకుపోయాడు. చిన్నోడు పార్కు కోసం కొనుక్కున్న నీలం నిక్కరు ప్యాకెట్ కూడా విప్పలేదు. ఇప్పుడు సంచీలోంచి అదే తీశాడు. బిగుతైపోయింది. నడుం దగ్గర కుట్లు విప్పి, రెండు వేళ్ళ వెడల్పు వదిలి మళ్ళీ కుట్టాను.

మే 21, బుధవారం

మూడు ఫోన్లు మూడు మాటలు చెబుతున్నాయి. నా ఫోన్‌లో రేపు నాలుగింటికి వాన బొమ్మ. మా ఆయన ఫోన్‌లో ఎండ బొమ్మ. పెద్దది తన తల్లి పాత ఫోన్‌లో చూస్తే మబ్బు చాటున సూర్యుడు. టీవీలో కింద పరుగెత్తే అక్షరాల్లో ఎల్లో అలర్ట్. పసుపు అంటే కనిపెట్టుకుని ఉండండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే కదలాల్సిన వేళ వచ్చింది అని పిల్లలకు చెప్పాను. "మరి పచ్చ అంటే?" అన్నాడు చిన్నోడు. "పార్కుకు పోవచ్చు" అన్నాడు నా కొడుకు, నేను నోరు తెరిచేలోపు.

ఈసారి మే ఎండలు ముదరనే లేదు. రెండు రోజులు కాస్తే మూడోనాడు మబ్బు. రోజూ వార్తల్లో ద్రోణి, ఉపరితల ఆవర్తనం. ఆ మాటలు వినీ వినీ పెద్దది అర్థం అడిగింది. నాకు తెలిసినంతలో చెప్పాను. పొద్దంతా నేల కాగుతుంది. కాగిన గాలి పైకి లేస్తుంది. ద్రోణి ఉన్నప్పుడు సముద్రం మీది తేమ ఇంత దూరం వస్తుంది. ఆ తేమ ఈ వేడితో కలిసి లేచి గంట, రెండు గంటల్లో కొండంత మబ్బు అవుతుంది. క్యుములోనింబస్ అంటారు. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తు. అది ఎక్కడ లేస్తుందో ముందురోజు ఎవరూ వేలు పెట్టి చూపించలేరు. అందుకే కండ్లకోయలో కుండపోత పడుతుంటే మేడ్చల్ బస్టాండులో దుమ్ము లేస్తుంటుంది. ఫోన్లు అబద్ధం చెప్పడం లేదు, వాటికి తెలిసింది అంతే.

మా ఆయన స్కూలు వ్యాన్ నడుపుతాడు. పదహారేళ్ళుగా ఈ రోడ్ల మీద ఆకాశం చూస్తున్న మనిషి. "మే నెల వాన పొద్దుగాల రాదు. వచ్చేదుంటే రెండు దాటినంక. మనకు పొద్దటి పూట ఉంది, అది ఖరారు. మిగిలిన పూట దొరికితే దొరికినట్టు" అన్నాడు. నాకు ఆ మాట నచ్చింది. పూర్తి రోజు మనదే అనుకుని బయల్దేరితే మధ్యాహ్నానికి అంతా పోగొట్టుకున్నట్టు ఉంటుంది. కాబట్టి పిల్లలను కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాను: గేటు తెరిచే వేళకు మనం అక్కడ ఉంటాం. ఎవరికి ఏది అన్నిటికన్నా ఇష్టమో అది ముందు. రెండు దాటాక వాన వస్తే రావచ్చు, అప్పుడు నీళ్ళలోంచి లేవాల్సిందే, బతిమాలుకోవడాలు లేవు.

చిన్నోడు పసుపు స్లైడ్ అన్నాడు. అన్నిటికన్నా ఎత్తుది. బోర్డు మీద బొమ్మ చూసి ఏడాదిగా అదే కలవరిస్తున్నాడు.

వండర్లాకు పోదామని మా వాడికి ఉంది. అది రావిర్యాల దగ్గర. మేడ్చల్ నుంచి అంటే రింగు రోడ్డు మీద నగరాన్ని సగం చుట్టాలి. బాగుంటుంది నిజమే, కానీ నిలకడ లేని వాతావరణంలో అంత దూరం పోయి రోడ్డు మీద చిక్కుకుంటే నలుగురు పిల్లలతో (పక్కింటి పాప కూడా వస్తోంది) కష్టం. దగ్గరిదైతే వాన వచ్చినా అరగంటలో ఇంట్లో ఉంటాం. ఆన్‌లైన్‌లో ముందే కొంటే కొంచెం తక్కువ పడుతుంది. కొనలేదు. పొద్దున్నే ఆకాశం చూసి కౌంటర్ దగ్గరే కొంటాను. తక్కువకు ఆశపడి కొన్న టికెట్ మనల్ని ఉరుముల్లోకి ఈడ్చుకుపోతుంది.

పెద్దది దామిని యాప్ పెట్టుకుంది. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థవాళ్ళు చేసింది. మనమున్న చోటు చుట్టూ 20 కిలోమీటర్లకు ఒక గుండ్రం, 40కి ఒక గుండ్రం. ఆ లోపల పిడుగు పడితే చూపిస్తుంది. ఊళ్ళో తమ్ముడి ఫోన్‌లోనూ పెట్టమని చెప్పాను. పొలంలో పని చేసుకునేవాళ్ళకే ఇది ముందు కావాలి.

రాత్రి పదింటిదాకా మిషన్ మీద కూర్చున్నాను. మా మహిళా సంఘానికి కుట్టమని ఇచ్చిన స్కూలు యూనిఫాంలు ఇంకా 140 జతలున్నాయి, జూన్ 12న బడులు. జతకు 75 రూపాయలు. రేపు ఒక్కరోజు మిషన్ తిరగదు. ఒక్కరోజే కదా.

సర్దినవి: అందరికీ రెండో జత బట్టలు, ఒక్కొక్కరివి వేరే కవర్‌లో మూతి బిగించి. తువ్వాళ్ళు వ్యాన్‌లోనే, పార్కు లోపలికి కాదు. లోపలికి తెస్తే అవీ తడుస్తాయి, చివరికి ఒళ్ళు తుడుచుకోవడానికి పొడిది ఉండదు. పులిహోర. ఉప్పేసిన మజ్జిగ. ఓఆర్ఎస్ రెండు ప్యాకెట్లు. చేతిలో 500 రూపాయల చిల్లర, ఎందుకంటే గాలివానకు మొదట పోయేది సిగ్నల్, ఆ వెనకే ఫోన్‌పే.

మే 22, గురువారం

రాత్రి పదకొండు. అందరూ పడుకున్నారు. జరిగింది జరిగినట్టు రాసుకోవాలని ఉంది.

పొద్దున ఆకాశం కడిగిన గిన్నెలా ఉంది. గాలి మాత్రం లేదు. ఆకు కదలదు. ఎనిమిదింటికే మెడ వెనక చెమట. మా ఆయన వ్యాన్ తుడుస్తూ తూనీగలు నడుమెత్తులో తిరగడం చూపించాడు. ఏమీ అనలేదు, చూపించాడంతే.

గేటు తెరిచేసరికి మేం ఆరో వరసలో ఉన్నాం. చేతులకు కాగితం పట్టీలు కట్టారు. నూలు బట్టలతో నీళ్ళలోకి రానివ్వరు, నైలాన్‌వే ఉండాలి. నాకు అక్కడే అద్దెకు తీసుకోవాల్సి వచ్చింది. ఆ పొడుగు నిక్కరులో నన్ను చూసి పెద్దది నవ్వింది. చాలా రోజులకు అది అలా నవ్వడం. ఎనిమిదో తరగతికి వస్తోంది. ఇంట్లో పని, తమ్ముడి బాధ్యత, అన్నీ దాని మీదే.

మొదట అందరం అలల కొలనుకు పోయాం. గంట కొట్టగానే నీళ్ళు లేస్తాయి. చిన్నోడు మొదటి అలకే నా మెడ కావలించుకుని, రెండో అలకు వదిలేసి, మూడో అలకు నన్నే రమ్మని పిలిచాడు. ఊళ్ళో చెరువు చూశాడు గానీ అల చూడలేదు. నేను మాత్రం సముద్రం చూశానా? ముగ్గురం చేతులు పట్టుకుని నిలబడితే కింద నేల జారుతున్నట్టు ఉంటుంది. గంటన్నర అక్కడే గడిచింది. ఇష్టమైనది ముందు అని నేనే చెప్పాను, మళ్ళీ నేనే మరిచిపోయాను. పసుపు స్లైడ్ దగ్గరికి పోయేసరికి పన్నెండున్నర. వరస మెట్ల కిందికి దిగి, కొళాయిల దాకా ఉంది. ముందు తినేసి వద్దామన్నాను. అది నా రెండో తప్పు.

ఎండ అప్పటికి దంచుతోంది. కాంక్రీటు మీద పాదం పెట్టలేం. పిల్లలు ఒక నీళ్ళ మడుగు నుంచి ఇంకో మడుగుకు గెంతుతూ నడిచారు. తినడం, మజ్జిగ తాగించడం, నీడలో అరగంట. ఒకటిన్నరకు మళ్ళీ పోయి వరసలో నిలబడ్డాం. పిల్లలు మెట్ల మీద, నేను కింద రెయిలింగ్ పట్టుకుని. ఒక్కొక్క మెట్టే జరుగుతూ చిన్నోడు పైకి పోతున్నాడు, ప్రతి మలుపులోనూ వంగి నాకు చెయ్యి ఊపుతున్నాడు.

రెండు దాటాక పడమర నల్లబడింది. ముందు ఒక అంచు కనబడింది, చాప చుట్టినట్టు. తర్వాత ఆ చాప విప్పుకుంటూ వచ్చింది. గాలి ఇంకా లేదు. పెద్దది మెట్ల మీదినుంచే నా వంక చూసింది. యాప్ ఉన్న ఫోన్ లాకర్‌లో ఉంది గానీ, అది చూడాల్సిన అవసరం లేకపోయింది. దూరంగా ఒక మెరుపు. నేను లెక్కపెట్టాను: ఒకటి, రెండు, మూడు... ఇరవై ఒకటి దగ్గర ఉరుము. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు లెక్కన ఏడు కిలోమీటర్లు. శామీర్‌పేట చెరువు అవతల ఎక్కడో.

అప్పుడే ఈల. రెండు నలభై. ఎర్ర టీషర్టు పిల్లవాడు, ఇరవై ఏళ్ళుంటాయేమో, పైనుంచి కిందిదాకా వినబడేట్టు ఊది, రెండు చేతులూ కిందికి ఊపుతున్నాడు. అందరూ దిగాలి. చిన్నోడు పైన మూడో వాడు. వాడి ముందు ఇద్దరే ఉన్నారు. గొట్టం నోరు వాడికి కనబడుతోంది, నీళ్ళు జారడం కనబడుతోంది. "ఒక్కసారి అన్నా, ఒక్కసారి" అని ఆ ఈల పిల్లవాణ్ణి అడగడం కిందున్న నాకు వినబడింది. ఆ అబ్బాయి వంగి వాడి భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్పాడు. తర్వాత వాణ్ణి తనకంటే ముందు నడిపించుకుంటూ దిగాడు. ఇనప మెట్లు, ఇనప గొట్టాలు, ఆ ఎత్తు, తడి ఒళ్ళు. ఒక్కసారికి ఒప్పుకుని ఉంటే నేను జన్మలో ఆ అబ్బాయిని క్షమించేదాన్ని కాదు. ఒప్పుకోలేదు. రేపెప్పుడన్నా కనబడితే దండం పెడతాను.

రెండో మెరుపుకు పన్నెండు. నాలుగు కిలోమీటర్లు.

అప్పుడు గాలి వచ్చింది. ఆ మూల నుంచి ఈ మూలకు ఫ్లెక్సీలన్నీ ఒకేసారి చప్పుడు చేశాయి. ట్యూబులు వాటంతటవే దొర్లుకుంటూ పోయాయి. జనం దగ్గర్లో ఉన్న వేపచెట్టు కిందికీ, పక్కన నాలుగు గొట్టాల మీద నిలబెట్టిన రేకుల షెడ్డు కిందికీ పరిగెత్తారు. చంటిపిల్లను ఎత్తుకున్న ఒకామె చెట్టు మొదట్లో నక్కి నిలబడింది. నేను పిల్లల్ని క్యాంటీన్ వైపు నడిపిస్తూ అరిచాను: "చెల్లే, చెట్టు కింద వద్దు, పిడుగు పడుతది, స్లాబు కిందికి రా!" నా గొంతు ఇంత పెద్దదని నాకే తెలియదు. ఆమె వచ్చింది. ఆమె వెనక ఇంకో పదిమంది వచ్చారు.

క్యాంటీన్‌లో తడిసిన జనం, మిర్చిబజ్జీల వాసన, కరెంటు లేదు. పిల్లలు నాలుగు పక్కలా నాకు అతుక్కుని ఉన్నారు. ఐదు అంకెలకే ఉరుము వచ్చినప్పుడు పక్కింటి పాప చెవులు మూసుకుంది. కాసేపు వడగళ్ళు, శనగగింజంత. రెయిన్ డాన్స్ దగ్గర పాటలు ఆగిపోయి, పై గొట్టాల్లోంచి ఇంకా నాలుగు చుక్కలు కారుతుంటే మా వాడు అడిగాడు, "నిజం వాన వచ్చినప్పుడు రెయిన్ డాన్స్ ఎందుకు ఆపుతరమ్మా?" వానకు కాదురా, మెరుపుకు, అని చెప్పాను.

చిన్నోడు ఏడవడం మొదలుపెట్టింది అప్పుడు. చప్పుడు లేకుండా. గోడవైపు తిరిగి. మళ్ళీ తెరుస్తారులే అనొచ్చు, ఇంకోసారి వద్దాంలే అనొచ్చు. పోయినేడు నేను అన్న మాటే అది. నోరు రాలేదు. పక్కన కూచుని, "నిన్ను ముందు అక్కడికే తీస్కపోవాల్సింది. అలల కాడ నేనే ఆలస్యం చేసిన. నాదే తప్పు బిడ్డా" అన్నాను. వాడు తల ఊపాడు. నా తప్పని ఒప్పుకున్నాడు, దానికి నాకు కొంచెం నిమ్మళమైంది.

మూడున్నరకు సిగ్నల్ వచ్చింది. లాకర్ తీసి చూస్తే తమ్ముడివి ఏడు మిస్డ్ కాల్స్. చేశాను. గాలి చప్పుడులో గొంతు సగమే వినబడుతోంది. "అక్కా, పోరగాండ్లు మంచిగున్నరా? ఈడ గూడ బాగ కొట్టింది. పరదాలు లేసిపోయినయి. మన కుప్ప కిందికెల్లి నీళ్ళు పోయినయి." పిల్లలు మంచిగున్నారని చెప్పాను. నా మొహం చూసి పెద్దది లేచి నిలబడింది. చిన్నోడు గోడ వైపునుంచి ఇటు తిరిగి, చేత్తో ముక్కు తుడుచుకుని, "వడ్లు తడిసినయా?" అన్నాడు. అవునన్నాను. ఆ తర్వాత వాడు మళ్ళీ ఏడవలేదు. అది నాకు ఏడుపుకంటే బరువుగా అనిపించింది. ఎనిమిదేళ్ళ వాడు.

చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి అన్నది ఎక్కడైనా లెక్క. ఇక్కడా ఆగారు. ఆ అరగంట అయ్యేసరికి నాలుగు ముప్పావు. కొలనుల నిండా ఆకులు, ప్లాస్టిక్ గ్లాసులు, ఎర్రమట్టి. ఇవాళ్టికి ఇంతే అని మైకులో చెప్పారు. కౌంటర్ దగ్గర జనం గుమిగూడారు. వాన మా చేతుల్లో లేదు, టికెట్ వెనక రాసే ఉంది అన్నారు. ఉంది నిజమే, ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో. డబ్బు వెనక్కి ఇవ్వమని నేను అడగలేదు. పొద్దటి పూట మాకు దొరికింది. రెండు దాటాక టికెట్ కొని లోపలికి వచ్చినవాళ్ళున్నారు, అప్పటికి పడమర నల్లబడే ఉంది. వాళ్ళకు అమ్మకుండా ఉండాల్సింది. లేకపోతే ఇంకోరోజు రమ్మని ఒక చీటీ రాసివ్వాల్సింది. బురద లోంచి చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిపోతున్న ఆ కుటుంబాలను చూస్తే కడుపు మండింది.

వ్యాన్‌లో తువ్వాళ్ళు పొడిగా ఉన్నాయి. అదొక్కటి సరిగ్గా చేశాను.

మే 23, శుక్రవారం

రోజంతా ముసురు. 22 జతలు కుట్టాను. తమ్ముడితో రెండుసార్లు మాట్లాడాను. తేమ 17 శాతం దాటితే కొనరు, నిన్నటికి 16 ఉన్న వడ్లు ఇవాళ చూడక్కర్లేదు. ఎండ వస్తే మళ్ళీ పరిచి నేర్పాలి. రాకపోతే మొలకలు వస్తాయి. ఏ గ్రేడుకు క్వింటాలు 2,320 రూపాయలు. మొలకెత్తితే ఆ లెక్క అడిగేవాడుండడు.

పెద్దది బొత్తాలు కుడుతూ కూచుంది. "అత్తమ్మా, మేం పోతం" అంది సాయంత్రం. ఎందుకని అడగలేదు. మంగళవారందాకా ఆగమన్నాను. వాళ్ళమ్మే ఫోన్‌లో చెప్పింది, ఇప్పుడు పంపొద్దు, ఇక్కడ వాళ్ళను చూసే తీరిక లేదని.

మే 24, శనివారం

పొద్దున ఏడింటికి, వాన సన్నగా పడుతుండగానే, శామీర్‌పేట జవహర్ జింకల పార్కుకు తీసుకుపోయాను. పార్కులన్నిటికీ వాన శత్రువు కాదని నాకు నిన్న రాత్రి తోచింది. ఉరుములు లేని ముసురుకు భయం లేదు. గొడుగులు చాలలేదు. యూరియా సంచీలు కడిగి ఆరేసినవి ఇంట్లో ఉన్నాయి, మిషన్ కవర్ కోసం దాచినవి. ఒక మూలను ఇంకో మూలలోకి దోపితే కొప్పెర అవుతుంది. మా నాయన నాట్ల కాలంలో నెత్తిన వేసుకుని మడికట్టు మీద నిలబడేవాడు. నలుగురికీ నాలుగు చేశాను. మొదట మా వాడు సిగ్గుపడ్డాడు. చిన్నోడు మాత్రం వెంటనే తొడుక్కున్నాడు, వాడికి తెలిసిన వస్తువే.

లోపల మేము తప్ప మనిషి లేడు. మట్టి వాసన, చెట్లనుంచి చుక్కలు. ఒక మగ నెమలి దారి పక్కనే పురి విప్పింది. మేం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. ఈకలన్నీ కలిసి గలగలమని చప్పుడు చేస్తాయని నాకు ఇంతవరకు తెలియదు, ఎండు ఆకుల కుప్ప వణికినట్టు. అది మెల్లగా తిరిగింది, వీపు మాకు, తర్వాత ముఖం మాకు. చిన్నోడి కొప్పెర అంచున నీళ్ళు చేరి ముక్కు మీద బొట్టుబొట్టుగా పడుతున్నాయి, తుడుచుకోలేదు. పావుగంట. ఎవరూ మాట్లాడలేదు.

తిరిగివస్తూ చెరువు కట్ట దగ్గర ఆగి వేడి మొక్కజొన్నపొత్తులు తిన్నాం.

మే 25, ఆదివారం

రోహిణి కార్తె మొదలు. రోహిణిలో రోళ్ళు పగులుతాయి అనే సామెత మా అమ్మ ఏటా అంటుంది. ఇవాళ ఫోన్‌లో అనలేదు. నైరుతి రుతుపవనాలు నిన్ననే కేరళ తాకాయట. మామూలుగా జూన్ 1. ఎనిమిది రోజుల ముందు. 2009 తర్వాత ఇంత తొందరగా రాలేదని టీవీలో చెప్పారు. తొలకరి ముందే వస్తే సంతోషించాల్సిన ఇంటి మనుషులం. కానీ యాసంగి వడ్లు ఇంకా రోడ్ల మీదే ఉన్నాయి.

ఫ్లోరిడాలో ఉండే మా పెద్దమ్మ కూతురు వీడియో కాల్ చేసింది. పిల్లలు జరిగిందంతా చెప్పారు. ఆమె ఉండేది ఓర్లాండోకు దగ్గర్లో, డిస్నీ పార్కులున్న ఊరు. అక్కడ జూన్ నుంచి సెప్టెంబరు దాకా దాదాపు ప్రతి మధ్యాహ్నం ఇదే కథ అంది. మెరుపులు దగ్గరికి వస్తే బయటి రైడ్లు ఆపేస్తారు. అలవాటున్నవాళ్ళు ఇంటికి పోరు. ప్లాస్టిక్ కోటు తొడుక్కుని కప్పు కింద నిలబడతారు, గంటకు వాన వెలిశాక జనం పలచబడ్డ పార్కు వాళ్ళదే. టోక్యోలో 1983లో తెరిచిన డిస్నీలాండ్‌ను కట్టినప్పుడు గేటు లోపలి అంగళ్ళ వీధి మొత్తానికి పైన కప్పు వేశారట, అక్కడి వానలు తెలిసే. మన దగ్గర ఏటా మేలో ఈ గాలివానలు వస్తాయని పసిపిల్లలకూ తెలుసు. అయినా మొన్న నాలుగైదు వందలమందికి ఒక్క క్యాంటీన్ స్లాబే దిక్కయింది. స్లైడ్‌కు పెట్టే డబ్బులో ఎంతో కొంత గట్టి కప్పుకు పెట్టరాదా?

చిన్నోడు ఆమెను ఒక్కటే అడిగాడు: "ఆడ వరసల మూడోటోణ్ణి గూడ దింపుతరా?" దింపుతారని చెప్పింది. వాడికి అది కావాల్సిన జవాబు అనుకుంటాను.

మే 26, సోమవారం

రుతుపవనాలు తెలంగాణలోకి వచ్చేశాయి. మిగిలిన జతలు 61.

మే 27, మంగళవారం. ఊళ్ళో

పొద్దున్నే పిల్లల్ని తీసుకుని నేనే వచ్చాను. వంటిమామిడి దాటినప్పటినుంచి రోడ్డు పక్కన అంతా వడ్లే. నీలం పరదాలు, నల్ల పరదాలు, వాటి మీద రాళ్ళు, పాత టైర్లు. రెండు గంటలు ఎండ కాసింది కాబట్టి చాలాచోట్ల పరదాలు తీసి నేర్పుతున్నారు.

వడ్లు కొనే సెంటర్‌కు నేరుగా పోయాం. మా కుప్ప చివరి నుంచి మూడోది. పైన బంగారంలా ఉంది. మరదలు కింద చెయ్యి పెట్టి తీసి నా దోసిట్లో పోసింది. వెచ్చగా, పులిసిన వాసన. నాలుగైదు గింజలకు సూదిమొనంత తెల్లటి మొలక. పెద్దది చీర కొంగులా చున్నీ నడుముకు చుట్టి పార అందుకుంది. నేనూ చెప్పులు విడిచి కాళ్ళతో నేర్పడానికి దిగాను. మా అమ్మ తాలు ఏరుతోంది. కాంటా ఎల్లుండి అంటున్నారట.

నాలుగు కావస్తుండగా గాలి ఆగింది. మెడ వెనక అదే చెమట. పడమర అదే చాప. అందరం పారలు పారేసి వడ్లు కుప్పకు ఎత్తడంలో పడ్డాం. తమ్ముడు పరదా ఒక కొస, నేను ఒక కొస. చుట్టుపక్కల ముప్ఫైమంది ఉంటారు, అందరూ అదే పని మీద, ఎవరూ తల ఎత్తడం లేదు.

మెరిసింది.

చిన్నోడు కుప్ప పక్కన నిటారుగా నిలబడి గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పద్దెనిమిది దగ్గర ఉరిమింది. "ఆరు కిలోమీటర్లు!" అని అరిచాడు. పక్క కుప్ప దగ్గరి ముసలాయన వింతగా చూశాడు. మేం పరదా లాగి రాళ్ళు పెడుతున్నాం. మళ్ళీ మెరిసింది. తొమ్మిది.

"మూడు! నాయినమ్మా, లే! నాయినా, రాళ్ళు ఇడిశిపెట్టు, రైతువేదికలకు నడువుండ్రి! అందరు నడువుండ్రి!"

వాడు మా అమ్మ చెయ్యి పట్టుకుని లాగుతున్నాడు. ఇంకా ఒక కొస కప్పాల్సి ఉంది. తమ్ముడు ఆ కొస వంక చూశాడు, కొడుకు వంక చూశాడు. చేతిలో రాయి కింద పెట్టి, పక్క కుప్పలవాళ్ళను కూడా పేరుపేరునా పిలుస్తూ రైతువేదిక బిల్డింగు వైపు నడిచాడు.